అటక మీంచి హాలు గోడ దాకా: దాచిన బొమ్మలతో విశాఖలో ప్రదర్శన, నా అనుభవం

తను గీసిన, రంగులు వేసిన బొమ్మల ప్రదర్శన పెడతానంటే ఎవరైనా ముందు అడిగేది హాలు ఎక్కడ అని. హాలు చివరి సంగతి. ఏళ్ల తరబడి కట్టలు కట్టి దాచిన బొమ్మలు ఉన్నవాళ్లు ముందు ఆ కట్టలు విప్పాలి. ఎన్ని బతికున్నాయో, ఎన్నింటికి ఎంత వైద్యం కావాలో తేలాకే తారీఖు మాట. నేను కట్టలు విప్పింది 2024 ఫిబ్రవరిలో. బొమ్మలు గోడకెక్కింది 2025 జనవరి 24న. ఆ మధ్యకాలంలో హాలు కోసం పోయిన సమయం చాలా తక్కువ, తడి ఆరబెట్టడానికీ ఫ్రేములు కట్టించడానికీ పోయిందే ఎక్కువ.

ఫిబ్రవరిలోనే ఎందుకంటే, విశాఖలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనాలు, తుపాన్లు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మాత్రమే గాలి కాస్త పొడిగా ఉంటుంది. ముసురులో కట్ట విప్పితే లోపలి తడి పోకపోగా బయటి తడి కూడా చేరుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు తడిసిన కట్ట ఒకటి నా దగ్గర అలాగే ఉండిపోయింది. దాని అంచు మీద గోధుమరంగు గీత ఎంత ఎత్తుందో, ఆ రోజు నీళ్లు ట్రంకు పెట్టెలోకి అంత ఎత్తు వచ్చాయన్నమాట.

విప్పేముందు కావలసినవి: ఎన్-95 మాస్కు, పల్చటి నైట్రైల్ గ్లవ్స్, ఉతికిన పాత దుప్పట్లు, మేకవెంట్రుకల మెత్తటి వెడల్పు బ్రష్, గదిలో తేమ చూపించే చిన్న హైగ్రోమీటరు. ఈ చివరిది నాలుగైదు వందలకి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, దీని మీద పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు. తేమ 65 శాతం దాటి నిలిచిందంటే బూజు మళ్లీ లేస్తుంది. ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి, తలుపులు మూసి, 55 దగ్గరికి వచ్చాకే కట్ట ముట్టుకోవాలి. వడియాల్లా మేడ మీద ఎండలో పరచొద్దు. ఎండకి బూజు చస్తుందో లేదో గానీ నీటిరంగుల్లో గులాబీ, ఊదా రంగులు మాత్రం కచ్చితంగా వెలిసిపోతాయి, కాగితం వంకర తిరుగుతుంది. ఫ్యాను గాలి కూడా నేరుగా తగలకూడదు, బూజు బీజాలు ఇల్లంతా పరుచుకుంటాయి.

ప్రతి బొమ్మకీ తాకకముందే ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి ఫొటో తీయండి. వెనక వైపు చాలా చెబుతుంది. ఏడాది, రంగుల కంపెనీ, పాత ప్రదర్శన చీటీ, ఒక్కోసారి ఆ బొమ్మ ఎందుకు వేశారో కూడా. వెనక మూలన మెత్తటి పెన్సిల్‌తో ఏడాది-వరస సంఖ్య రాసి, అదే సంఖ్యతో ఒక నోటుపుస్తకంలో కొలత, మాధ్యమం, దెబ్బ ఎక్కడ, ఇప్పటి స్థితి రాసుకోవాలి. బాల్‌పెన్ వద్దు. ఆ సిరా కొన్నాళ్లకి ముందు వైపుకి దిగుతుంది.

పాత కట్టల్లో కనిపించే జబ్బులు రకరకాలు. బూజు రెండు రకాలు, తడిది, పొడిది. ముఖమల్‌లా తడిగా ఉన్నది బతికున్న బూజు, దాన్ని రుద్దితే కాగితంలోకి పాకుతుంది. మొదట పొడి గదిలో నాలుగైదు రోజులు విడిగా ఉంచి, పొడిపొడిగా మారాక ఆరుబయట, గాలి మన వెనక నుంచి వీచేలా నిలబడి బ్రష్‌తో దులపాలి. కాగితం మీది గోధుమరంగు చుక్కలు దులిపితే పోయేవి కావు. బ్లీచింగు నీళ్లతో పోగొట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు, వినకండి. చుక్కతోపాటు కాగితంలో సత్తువ కూడా పోతుంది. కొన్ని చుక్కలతోనే చూపించాను, అడిగినవాళ్లకి అవి ఏమిటో చెప్పాను, ఎవరూ తప్పు పట్టలేదు.

న్యూస్‌పేపరులో చుట్టినవాటికి అంచులన్నీ టీరంగులోకి మారాయి. పేపరులోని ఆమ్లం బొమ్మలోకి దిగడమే కారణం. సెల్లో టేపు వేసిన చోట టేపు ఊడి, పసుపు జిగురు గుర్తు మిగిలింది. అది ఇంట్లో చేత్తో తీసే పని కాదు, మౌంటు (ఫ్రేములో బొమ్మ చుట్టూ వేసే అట్ట అంచు) కింద దాచుకోవడమే. బబుల్ రాప్‌లో బుడగలు లోపలికి పెట్టి చుట్టిన ఆక్రిలిక్ కాన్వాసుల మీద బుడగల ముద్రలు వరసగా అచ్చుపడ్డాయి. విశాఖ మే నెల వేడికి ఆక్రిలిక్ మెత్తబడుతుంది, ఎదురెదురుగా పెడితే రెండు బొమ్మలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కున్నవాటిని మధ్యాహ్నం లాగితే రంగు పొరలుగా ఊడొస్తుంది. తెల్లవారుజామున, ఏసీ గదిలో రాత్రంతా ఉంచాక, పళ్ల సందుల్లో వాడే మైనం దారాన్ని మెల్లగా మధ్యలోకి జరుపుతూ వస్తే విడిపోతాయి. చల్లబడిన ఆక్రిలిక్ పెళుసుగా ఉంటుంది కాబట్టి కాన్వాసుని మాత్రం వంచకూడదు.

నాకు బాగా ఊరట ఇచ్చింది తైలవర్ణాల సంగతి. చీకట్లో ఏళ్లు ఉన్నవాటిలో తెలుపు, లేత నీలం పసుపెక్కి, చూడగానే గుండె జారింది. తైలవర్ణాల్లో ఉండే అవిసె నూనెకి చీకట్లో పసుపెక్కే గుణం ఉంది, వెలుగులో పెడితే చాలావరకు తిరిగి తేటపడుతుంది. కిటికీకి ఎదురుగోడకి, ఎండ నేరుగా పడని చోట ఆనించి పెట్టాను. మార్చి ఆఖరుకి ఆకాశాలు మళ్లీ ఆకాశాల్లా కనిపించాయి. పైసా ఖర్చు లేని పని.

కాన్వాసుల వెనక చెక్క చూడండి. ఇక్కడ చవకగా దొరికే జంగిల్ వుడ్ చట్రాలు తేమకి మెలి తిరుగుతాయి, చెదలు ముందు పట్టేది వాటినే. బొమ్మ బాగుండి చట్రం పోయినవాటికి కొత్త చట్రం వేయించాను. బిగించేటప్పుడు నాలుగు వైపులా మధ్య నుంచి మొదలుపెట్టి మూలల వైపు వెళ్లాలి. మూల నుంచి మొదలుపెడితే ఏటవాలు ముడతలు పడతాయి. పాత కాన్వాసు గట్టిగా లాగితే రంగు పగులుతుంది, కాస్త వదులుగా బిగించి మూలల్లో చెక్క చీలికలు కొడితే చాలు.

ఏప్రిల్, మే నెలలు ఎంపికకి పోయాయి. ఇందులో మనసు కష్టపెట్టుకోక తప్పదు. కొన్ని బొమ్మలు వేసినప్పటి మోజు ఇప్పుడు నిలబడదు, కొన్ని మంచివి దెబ్బతిని నిలబడవు. ఎన్ని పెట్టాలన్నది మాత్రం మనసు అడిగే ప్రశ్న కాదు, గోడ లెక్క. హాలు గోడలు మొత్తం 110 రన్నింగ్ అడుగులు అన్నారు. తలుపులు, స్తంభాలు, స్విచ్‌బోర్డులు, ఏసీలు తీసేస్తే వాడుకోగలిగింది 80. ఫ్రేముతో కలిపి సగటు వెడల్పు రెండడుగులు, బొమ్మకీ బొమ్మకీ మధ్య అడుగున్నర, అంటే ఒక్కోదానికి మూడున్నర అడుగులు. 22 పట్టాయి. గ్రాఫు కాగితం మీద సెంటీమీటరుకి ఒక అడుగు చొప్పున గోడలు గీసి, బొమ్మల ముక్కలు కత్తిరించి అటూ ఇటూ జరిపి చూసుకుంటే, హాల్లో నిచ్చెన మీద నిలబడి ఆలోచించే బాధ తప్పుతుంది.

హాలుకి జూన్‌లో దరఖాస్తు పెట్టాను. లేఖ, ఐదు బొమ్మల ఫొటోలు, ఆధార్ నకలు, మూడు ప్రత్యామ్నాయ తారీఖులు. జవాబు జూలై ఆఖరుకి వచ్చింది. మొదట ఇచ్చిన డిసెంబరు తారీఖుని వేరే కార్యక్రమం కోసం జరిపేశారు. సంక్రాంతి ముందు అసలు వద్దు, కనుమ దాకా ఊరు సగం ఖాళీ అవుతుంది, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు దొరకరు. అలా జనవరి 24 శుక్రవారం నుంచి 26 ఆదివారం వరకు ఖాయమైంది. గణతంత్ర దినం సెలవు ఆదివారంలో కలిసిపోయిందని చాలామంది చిన్నబుచ్చుకున్నారు గానీ, మనకి పోయిందేమీ లేదు.

హాలు ఎక్కడ అన్నదానికి నా అభిప్రాయం చెబుతాను. బీచ్ రోడ్డు వైపు చోటు చూడ్డానికి బాగుంటుంది, సాయంత్రం నడకకి వచ్చేవాళ్లు లోపలికి వస్తారు. కానీ తలుపు తీసినప్పుడల్లా ఉప్పుగాలి, కిటికీల నుంచి సముద్రం వెలుగు, అద్దాల్లో బొమ్మకి బదులు కెరటాలు. ద్వారకానగర్, సిరిపురం వైపు అయితే ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర, బస్సు దిగి నడిచి వచ్చేస్తారు. నేను రెండోదే ఎంచుకున్నాను. డబ్బు కట్టేముందు రాతపూర్వకంగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. గోడకి మేకు కొట్టనిస్తారా? గోడ పైన బొమ్మలు వేలాడదీసే పట్టీ (రైలు) ఉందా? తాళం ముందురోజు ఎన్ని గంటలకి ఇస్తారు? రాత్రి కాపలా ఎవరిది? కరెంటు పోతే జనరేటరు దీపాలకేనా, ఏసీకి కూడానా? అమ్మకం మీద కమిషను ఉందా? పాత కట్టడాల్లో మేకు ముట్టనివ్వరు. అప్పుడు ప్లైవుడ్ ప్యానెళ్లు షామియానా వాళ్ల దగ్గర రోజుకింత అని అద్దెకి తెచ్చుకోవాలి, వాటి అద్దె హాలు అద్దెలో సగం దాకా పోతుంది.

ఫ్రేముల దగ్గర అసలు పరీక్ష. మా దగ్గరి ఫ్రేముల కొట్టువాళ్లు దేవుళ్ల పటాలు, పెళ్లి ఫొటోలు కట్టడంలో దిట్టలు. కాగితం మీది బొమ్మ వాళ్లకి అలవాటు లేదు. అలవాటు ప్రకారం హార్డ్‌బోర్డు మీద బొమ్మని నాలుగు వైపులా ఫెవికాల్‌తో అంటించి, అద్దం దానికి ఆనించి మేకులు కొట్టేస్తారు. విశాఖ తేమకి కాగితం సాగుతుంది. నాలుగు వైపులా పట్టేస్తే సాగడానికి దారిలేక మధ్యలో ఉబ్బుతుంది. అద్దం ఆనితే నీటిరంగు అద్దానికి అంటుకుంటుంది. అందుకని పక్కన కూర్చుని చెప్పి చేయించాను. పై అంచున రెండే చోట్ల, పల్చటి జపనీస్ టిష్యూ ముక్కలతో, గోధుమ స్టార్చి గంజితో వేలాడదీయాలి. చుట్టూ మూడంగుళాల ఆమ్లరహిత మౌంటు, 45 డిగ్రీల కోత. వెనక హార్డ్‌బోర్డు బదులు సన్‌బోర్డు (తేలికపాటి నురగ బోర్డు), మధ్యలో ఆమ్లరహిత కాగితం. మూసేముందు బొమ్మ, మౌంటు, బోర్డు అన్నీ ఒక రోజంతా ఏసీ గదిలో ఉండాలి. వాన రోజు తడిగాలితో మూసిన ఫ్రేములో ఆ తడి లోపలే చిక్కి, తర్వాత అద్దం లోపలివైపు మంచు పడుతుంది.

బొగ్గు చిత్రాలకి ఆక్రిలిక్ షీటు వద్దు, దాని స్థిరవిద్యుత్తు బొగ్గు పొడిని లాగేసుకుంటుంది. అద్దమే వేయించాలి. ఇనుప మేకులు, ఇనుప కొక్కేలు ఇక్కడ ఒక్క వానాకాలంలో తుప్పు పట్టి వెనక కాగితం మీద ఎర్రటి చారలు దించుతాయి. ఇత్తడి డి-రింగులు (తీగ కట్టడానికి ఫ్రేము వెనక బిగించే డి ఆకారపు రింగులు), ప్లాస్టిక్ తొడుగున్న స్టీలు తీగ అడిగి వేయించండి. డి-రింగులు ఫ్రేము పై అంచు నుంచి మూడోవంతు కిందికి రావాలి. అడుగు మూలల్లో రబ్బరు బొత్తాలు రెండు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది.

ధరలు: 15 బై 22 అంగుళాల నీటిరంగు బొమ్మకి మామూలు మౌంటుతో 1,200 దాకా, ఆమ్లరహితంతో 1,900 దాకా పడింది. కాన్వాసులకి అద్దం లేని ట్రే ఫ్రేము, సైజుని బట్టి 900 నుంచి 1,400. సగం అడ్వాన్సు. ఆగస్టులో ఒక్కటి నమూనాగా కట్టించి, దాని వెనక విప్పి చూసి, బాగుందనుకున్నాకే మిగతావి ఇచ్చాను. రెండు వారాలన్నవాళ్లు ఐదు వారాలు తీసుకున్నారు. వినాయక చవితి, దసరా, ఆ వెంటనే అయ్యప్ప దీక్షలు. ఈ కాలమంతా దేవుడి పటాల గిరాకీ, మన బొమ్మలు వెనక వరసలో ఉంటాయి. వాళ్లని అనడానికి లేదు, ఏడాది బతుకు వాళ్లకి అదే.

ధర వేయడం అన్నిటికన్నా సిగ్గనిపించే పని. మనసుకి తోచినట్టు వేస్తే పక్కపక్క బొమ్మలకి పొంతన ఉండదు, కొనేవాళ్లు వెంటనే పట్టేస్తారు. పొడవు, వెడల్పు కలిపి, ఆ మొత్తాన్ని ఒక రేటుతో గుణించి, ఫ్రేము ఖర్చు కలిపాను. 15, 22 కలిపితే 37 అంగుళాలు, అంగుళానికి 150 చొప్పున 5,550, ఫ్రేము 1,900, మొత్తం 7,450. తైలవర్ణాలకి రేటు ఎక్కువ. ఏ ఏడాదిదైనా ఒకే రేటు. అమ్మబుద్ధి కానివాటికి పెద్ద ధర వేసి భయపెట్టడం కన్నా అమ్మకానికి కాదు అని రాసేయడం మర్యాద.

చీటీల మీద పేరు, మాధ్యమం, ఎత్తు ముందు వెడల్పు తర్వాత, ఏడాది, ధర. తెలుగు పైన, పెద్ద అక్షరాల్లో. పెద్దవాళ్లు కళ్లజోడు తీసి వంగి చదవాల్సి వస్తే చీటీ ఉన్నా లేనట్టే. ఉత్త కార్డు ఏసీ గాలికి సాయంత్రానికే ముడుచుకుపోతుంది, సన్‌బోర్డు మీద అంటించి కత్తిరించుకోవాలి. రెండువైపులా అంటుకునే టేపు గోడ రంగుని ఊడదీస్తుంది, ఆ రంగు ఖర్చు హాలుకి కట్టిన డిపాజిట్‌లోంచి పోతుంది. మెత్తటి జిగురు ముద్ద వాడండి.

23వ తేదీ ఉదయం ఆరింటికి టాటా ఏస్ ఎక్కించాం. ఆ టైముకైతే ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు దగ్గర ఇంకా రద్దీ మొదలవ్వదు. ఫ్రేములు పడుకోబెట్టకూడదు, నిలబెట్టాలి, అద్దం అద్దానికి ఎదురుగా, వీపు వీపుకి, మధ్యలో అట్టలు. డి-రింగులు పక్క ఫ్రేము అద్దానికి తగిలితే ఒక్క స్పీడ్ బ్రేకరు చాలు. అద్దం మీద మాస్కింగ్ టేపు ఇంటూ గుర్తులా వేస్తే పగిలినా ముక్కలు బొమ్మ మీద పడవు.

తగిలించడంలో ఒక్క లెక్క గుర్తుంటే చాలు. బొమ్మ నడుము నేల నుంచి 58 అంగుళాల దగ్గర ఉండాలి. ఫ్రేము ఎత్తు 28 అయితే సగం 14. తీగని పైకి లాగిపట్టినప్పుడు ఫ్రేము పై అంచుకి ఎంత కింద ఉందో కొలవాలి, మూడంగుళాలు అనుకుందాం. 58కి 14 కలిపి 3 తీసేస్తే 69. మేకు లేదా కొక్కెం అక్కడ. నేల ఎగుడుదిగుడుగా ఉంటే నేల నుంచి కొలవద్దు, లేజర్ లెవెల్ గీతనే నమ్మండి. రైలు నుంచి నైలాన్ దారంతో వేలాడదీస్తే ముడి జారుతుంది, ఫ్రేము బరువుకి రెట్టింపు ముందురోజు వేలాడదీసి పరీక్షించాలి. ముగ్గురుంటే పని సాగుతుంది. ఒకరు నిచ్చెన, ఒకరు బొమ్మ, మూడోవాళ్లు దూరంగా నిలబడి పైకి కిందికి చెప్పడానికి. ఈ మూడోవాళ్లు మీరే అయ్యుండాలి.

దీపాలు ఆలస్యం చేశాయి. హాలు ట్యూబులైట్లు ప్రతి అద్దంలోనూ తెల్లగీతలుగా పడ్డాయి. వాటిని ఆర్పి, అద్దె స్పాట్ లైట్లు నిలువుకి 30 డిగ్రీల వాలులో పెట్టాక మెరుపు నేలకి దిగింది. సి.ఆర్.ఐ. (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్న ఎల్.ఇ.డి.లు అడగండి, లేకపోతే ఎరుపులన్నీ ఇటుకరంగుకి తిరుగుతాయి. పని ముగిసేసరికి రాత్రి పదకొండు దాటింది. ఖాళీ హాల్లో 22 బొమ్మల్నీ ఒక్కసారిగా చూడటం అదే మొదలు. కట్టల్లో ఒక్కొక్కటిగా తెలిసినవే, గోడ మీద పక్కపక్కన పెట్టాక కొన్నింటికి చుట్టరికం కనబడింది. ఆ రాత్రే రెండింటి చోటు మార్చాను.

ప్రారంభం గురించి క్లుప్తంగా: అతిథి గంట ఆలస్యం, అది ముందే లెక్కలో వేసుకోండి. జ్యోతి ప్రజ్వలన కుందె గోడలకి దూరంగా, హాలు మధ్యలో పెట్టించాలి, నూనె మసి పోదు. టీ, బిస్కెట్లు తలుపు బయటే. పత్రికల జిల్లా పేజీలకి ప్రెస్ నోటు, రెండు ఫొటోలు రెండు రోజుల ముందే పంపితేనే చోటు దొరుకుతుంది.

జనం సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది మధ్య వస్తారు. పొద్దున పదింటి నుంచి నాలుగు దాకా ఫ్యాన్ల చప్పుడు వినడమే. మొదటి మధ్యాహ్నం మనసు కుంగుతుంది, తలుపు వైపు చూడటం మానేసి పుస్తకం తీసుకెళ్లండి. అందరూ అడిగే ప్రశ్న, ఇది వేయడానికి ఎంతసేపు పట్టింది అని. చిరాకు వద్దు, వాళ్లు మాట కలపడానికి అడుగుతున్నారు. మందంగా రంగు వేసిన కాన్వాసుల్ని పిల్లలు తప్పకుండా ముట్టుకుంటారు, ముందు ఒక తాడు కట్టాలి. రాత్రి ఏసీ ఆపేసి మూసిన హాల్లో తేమ పెరుగుతుంది, శనివారం పొద్దున తెరిచేసరికి రెండు అద్దాల మీద పైవైపు మంచు. పొడిబట్టతో తుడిస్తే పోయింది. ఆ రాత్రి నుంచి రెండు ఫ్యాన్లు వదిలేసి వెళ్లమని కాపలా ఆయన్ని అడిగాం.

అమ్ముడైనదాని పక్కన ఎర్రచుక్క పెట్టి, సగం డబ్బు తీసుకుని, బొమ్మని ఆఖరి రోజు సాయంత్రమే ఇవ్వాలి. మధ్యలో ఇచ్చేస్తే గోడ బోసిపోతుంది. రసీదు మీద ఒక వాక్యం రాయండి: అమ్మింది బొమ్మని మాత్రమే, కాపీరైటు చిత్రకారుడిదే. 1957 చట్టం ప్రకారం రాతపూర్వకంగా ఇస్తే తప్ప ఆ హక్కు కొన్నవాళ్లకి వెళ్లదు. అయినా క్యాలెండరు మీద వేసుకోవచ్చా అని అడిగేవాళ్లు ఉంటారు, రసీదు చూపిస్తే మాట తేలిగ్గా తెగుతుంది.

మొత్తం ఖర్చు డెబ్బై మూడు వేల చిల్లర. ఫ్రేములకి 38 వేల దాకా, హాలు జీఎస్టీతో కలిపి 18 వేలు, మిగతాది దీపాలు, బండి, ముద్రణ, ప్రారంభం. అమ్మకాలతో ఫ్రేముల ఖర్చు వచ్చింది, హాలు ఖర్చు రాలేదు. డిపాజిట్ మార్చిలో తిరిగొచ్చింది, అది కూడా రసీదు అసలు కాపీ పట్టుకెళ్లి అడిగాక.

అమ్ముడుపోనివి ఈసారి అటకెక్కలేదు. లోపలి గోడకి, నేల నుంచి నాలుగంగుళాల ఎత్తున చెక్క పట్టీల మీద, నూలుబట్ట కప్పి నిలబెట్టాను. ప్లాస్టిక్ ఎక్కడా లేదు. నీటిరంగుల ఫ్రేములన్నీ ఒకే కొలతకి కట్టించినందువల్ల వెనక మేకులు విప్పి లోపలి బొమ్మ మార్చుకోవచ్చు. ఎంపికలో పక్కకి పోయినవాటిలో ఆ కొలతవి ఇంకా చాలా ఉన్నాయి.